కమిషన్ సభ్యుల జీతాన్ని కేసులతో భాగించే ముందు ఏ కాగితాలు చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. మీ రాష్ట్రంలో ఒక కమిషన్ ఉంది, అందులో నెలనెలా జీతం తీసుకునే సభ్యులు ఉన్నారు. ఏడాదిలో ఎవరు ఎన్ని కేసులు తేల్చారో అడిగితే మీకు ఒక పేజీ పట్టిక ఇచ్చారు. ఒక్కో సభ్యుడి ఏడాది జీతాన్ని మీరు ఆ సంఖ్యతో భాగించారు. ఒకరికి కేసుకు ఇంత పడుతుంటే ఇంకొకరికి దానికి మూడు రెట్లు పడుతోందని తేలింది. దీన్ని పత్రికలకు ఇవ్వొచ్చా, ప్రభుత్వ ఖర్చులు పరిశీలించే శాసనసభ ప్రజా పద్దుల కమిటీకి పంపొచ్చా అని అడుగుతున్నారు.

ఇప్పుడే పంపకండి. మీ భాగహారం సరిగ్గానే ఉంది కానీ, దాని కింద నిలబడే కాగితం లేదు. నేను ఆడిట్‌లో 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైర్ అయ్యాను. బోర్డులు, కమిషన్ల ఖర్చులు చూడటం అందులో పెద్ద భాగం. మీరు వేసిన భాగహారమే నేనూ వేసి, పనిచేసే మనిషిని పని దొంగ అని రాయబోయాను. అది తర్వాత చెప్తాను. ముందు అసలు కొలత ఎక్కడ మొదలవ్వాలో చూద్దాం.

మీరు చెప్పిన కమిషన్ పేరు ఇక్కడ అవసరం లేదు. సమాచార హక్కు అప్పీళ్లు తేల్చే, మనకు బాగా తెలిసిన సమాచార కమిషన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని చట్టం, జీతం రెండూ బహిరంగంగా ఉన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలో ఒక ప్రధాన కమిషనర్, గరిష్ఠంగా 10 మంది కమిషనర్లు ఉండొచ్చు. మొదట్లో వీళ్ల పదవీకాలం 5 ఏళ్లు. కమిషనర్ జీతం రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి జీతంతో సమానమని చట్టంలోనే రాశారు. 2019లో చట్టాన్ని సవరించి, పదవీకాలం, జీతం నిర్ణయించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం చేతికి తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన నిబంధనల్లో పదవీకాలం 3 ఏళ్లు, రాష్ట్ర కమిషనర్ జీతం నెలకు 2,25,000 రూపాయలు అని ఖాయం చేశారు.

ఇప్పుడు ఆ నిబంధనలు మొదటి నుంచి చివరి దాకా చదవండి. జీతం ఉంది, అలవెన్సులు ఉన్నాయి, పదవీకాలం ఉంది. ఏడాదికి ఎన్ని రోజులు కూర్చోవాలి, ఎన్ని కేసులు తేల్చాలి అన్నది మాత్రం ఎక్కడా లేదు. అంటే ఆ జీతం హోదాను చూసి పెట్టింది, పనిని కొలిచి పెట్టింది కాదు. ఇది సభ్యుల తప్పు కాదు. కానీ ఆడిట్ చేసేవాడికి మొదటి అడ్డంకి ఇదే. దేనితో పోల్చి తక్కువ అంటున్నావు అని ఎదుటివాళ్లు అడిగితే చెప్పడానికి ఒక కొలబద్ద ఉండాలి. అది లేకుండా ఆడిట్ నివేదికలో రాసిన పేరా మొదటి సమావేశంలోనే ఎగిరిపోతుంది. అలా ఎగిరిపోయిన పేరాలు నా సర్వీసులో చాలా చూశాను.

కొలబద్ద కొన్ని సంస్థలకు చట్టంలోనే దొరుకుతుంది. విద్యుత్ నియంత్రణ కమిషన్‌ను తీసుకోండి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం టారిఫ్ దరఖాస్తు అందిన 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్ అయితే, వస్తువును ల్యాబ్‌లో పరీక్షించాల్సిన అవసరం లేని కేసును 3 నెలల్లో, అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని 2019 చట్టం చెబుతోంది. ఇలాంటి చోట మీ పని సగం అయిపోయినట్టే. తేదీలు రాసుకుని తీసివేత చేస్తే చాలు. సమాచార కమిషన్‌కు అలాంటి గడువు లేదు. దరఖాస్తు అందుకున్న అధికారి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, మొదటి అప్పీలు 30 రోజుల్లో, ఆలస్యమైతే 45 రోజుల్లో తేలాలి. దరఖాస్తుదారు 90 రోజుల్లో రెండో అప్పీలు వేసుకోవాలి. ఆ అప్పీలును కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో మాత్రం చట్టంలో రాయలేదు. అందరికీ గడువు పెట్టిన చట్టం చివరి మెట్టు దగ్గర ఆగిపోయింది. ఈ చట్టంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే ఖాళీ ఇదే.

చట్టంలో లేనప్పుడు, ఆ సంస్థ లేదా దానిలాంటి మరో సంస్థ తనకు తాను పెట్టుకున్న ప్రమాణాన్ని పట్టుకోవాలి. కేంద్ర సమాచార కమిషన్ ఒక్కో కమిషనర్‌కు ఏడాదికి 3,200 కేసులు అని ప్రమాణం పెట్టుకుంది. దీన్ని రాష్ట్రంలో ఆదేశంగా వాడలేం కానీ పోలికకు పనికొస్తుంది. ఈ సంఖ్యను ఊరికే చెప్పి వదిలేయకుండా దాన్ని రోజుల్లోకి, నిమిషాల్లోకి మార్చి చూడండి. శని, ఆదివారాలు, పండుగలు, సొంత సెలవులు పోగా ఏడాదికి 220 పనిరోజులు అనుకుందాం. రోజుకు 14, 15 కేసులు పడతాయి. రోజుకు 6 గంటల పని అనుకుంటే ఒక్కో కేసుకు దాదాపు 25 నిమిషాలు. ఆ 25 నిమిషాల్లోనే ఫైలు చదవాలి, అప్పీలుదారు మాట, అధికారి మాట వినాలి, ఉత్తర్వు డిక్టేట్ చేయాలి, టైపయి వచ్చింది చదివి సంతకం పెట్టాలి.

నెలకు 2,25,000 అంటే ఏడాదికి 27 లక్షలు. 3,200 కేసులు తేల్చిన సభ్యుడి జీతం కేసుకు 844 రూపాయలు పడుతుంది. సగమే తేల్చినవారికి దాదాపు 1,690. ఇక్కడే మీలాంటివాళ్లు ఆగిపోయి రెండో మనిషి ఖరీదైన సభ్యుడు అనేస్తారు. ఇంకో మెట్టు ఎక్కండి. ఇంకొకరు 6,000 కేసులు తేల్చారు, కేసుకు 450 రూపాయలే. అప్పుడు ఒక్కో కేసుకు దక్కిన సమయం 13 నిమిషాలు. ఆ 13 నిమిషాల్లో ఎవరి మాట విన్నారు? జిల్లా నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి నోరు తెరిచేలోపే తర్వాతి కేసు పిలిచి ఉంటారు. నా దృష్టిలో ఆ 450 రూపాయల కేసే అన్నిటికంటే ఖరీదైనది. అందుకే కేసుకు ఎంత పడింది అన్న సంఖ్యను నేను ఎప్పుడూ ముగింపుగా వాడలేదు. ఏ ఫైలు తెరవాలో చూపించే గుర్తుగా మాత్రమే వాడాను.

కేసులు లెక్కపెట్టే పద్ధతి అన్ని సంస్థలకూ సరిపోదని కూడా గుర్తుంచుకోండి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుల పనికి కేసుల లెక్క ఏముంటుంది? అక్కడ నోటిఫికేషన్ తేదీ నుంచి తుది ఫలితం తేదీ దాకా రోజులు లెక్కపెట్టాలి. తెలంగాణలో గ్రూప్-1కు 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకు బయటపడ్డాక రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. దాదాపు రెండేళ్లు గడిచినా మెయిన్స్ దాకా వెళ్లలేదు. ఆ రెండేళ్లలో కమిషన్ ఎన్ని సమావేశాలు పెట్టుకుందన్న లెక్క దీని ముందు ఎందుకూ పనికిరాదు. పైగా పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఖర్చు రాజ్యాంగం 322వ అధికరణ కింద నేరుగా సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ప్రధాన ఖజానాకు పడుతుంది. శాసనసభ దానిపై చర్చించగలదు గానీ ఓటు వేయలేదు. అలాంటి చోట ఆడిట్ బాధ్యత ఇంకా పెరుగుతుంది.

ఇక మీకిచ్చిన ఆ పట్టిక సంగతి. మా సీనియర్ ఒకాయన నేను కొత్తగా చేరినప్పుడు ఒక మాట చెప్పారు. నీకోసం తయారుచేసిన కాగితాన్ని చివర్లో చదువు, వాళ్ల అవసరానికి వాళ్లు రాసుకున్న కాగితాన్ని ముందు చదువు అని. నా సర్వీసంతా ఆ మాట మీదే నడిచింది. సభ్యుడి వారీగా డిస్పోజల్ పట్టిక, అంటే తేల్చిన కేసుల పట్టిక, మీకోసం తయారైంది. కాజ్ లిస్టు (ఆ రోజు పిలిచే కేసుల జాబితా), ఫైల్లోని డాకెట్ షీటు (విచారణలో జరిగింది రాసే కాగితం), డెస్పాచ్ రిజిస్టరు (బయటికి పంపినవి రాసే పుస్తకం), కారు లాగ్ బుక్, టీఏ బిల్లు (ప్రయాణ భత్యం బిల్లు), ఇవన్నీ ఆఫీసు నడవడానికి రాసుకున్నవి. ఆడిట్ వస్తుందని వాటిని ఎవరూ రాయరు. ఒకటి దిద్దినా మిగతా నాలుగూ దాన్ని బయటపెడతాయి.

ఒకచోట జరిగింది చెప్తాను. ఊరు, సంస్థ అనవసరం. కేసులు విచారించే ఒక బోర్డు. ఒక సభ్యుడి డిస్పోజల్ మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా ఉంది, ఆఫీసులో ఆయనకు మంచి పేరు. నేను డెస్పాచ్ రిజిస్టరు తెప్పించుకున్నాను. గోధుమ రంగు అట్ట, మూలలు అరిగిపోయి దారాలు బయటికొచ్చిన పుస్తకం. ఏడాదంతా రోజుకు పావు పేజీ, అరపేజీ నిండుతూ వచ్చింది. మార్చి చివరి మూడు రోజులు మాత్రం వరసగా పేజీలకు పేజీలు. అంతా ఒకే చేతిరాత, ఒకే సిరా, విషయం కాలమ్‌లో అన్నిటికీ ఒకటే మాట: రిటర్న్డ్. ఫైళ్లు తెరిచి చూస్తే, జెరాక్సు మీద అటెస్టేషన్ లేదని, సూచిక పేజీ పెట్టలేదని అర్జీలు వెనక్కి పంపేశారు. అవన్నీ పట్టికలో తేల్చిన కేసులుగా లెక్కకొచ్చాయి. కొన్ని అర్జీలు అప్పటికే ఏడాదికి పైగా అక్కడ పడి ఉన్నాయి. లోపం ఉంటే వచ్చిన వారంలో చెప్పాలి గానీ, ఏడాది కూర్చోబెట్టి ఆర్థిక సంవత్సరం ముగిసే రోజున వెనక్కి పంపడమేమిటి? ఆ పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాటిలో ఒకటి వితంతు పింఛను గురించి.

అందుకని డిస్పోజల్ అన్న మాటను నాలుగు ముక్కలు చేయకుండా వదలొద్దు: విని తేల్చినవి, వినకుండా కాగితాల మీద తేల్చినవి, లోపముందని వెనక్కి పంపినవి, అర్జీదారు ఉపసంహరించుకున్నవి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే మనిషి ఒకే ఆఫీసు మీద వంద అప్పీళ్లు వేస్తే, వాటన్నిటినీ కలిపి ఒక్క ఉత్తర్వు ఇస్తారు. అందులో తప్పేమీ లేదు, తెలివైన పనే. కానీ పట్టికలో అది వంద కేసులుగా పడుతుంది. కాబట్టి కేసులతో పాటు ఉత్తర్వులను కూడా లెక్కపెట్టండి.

కాజ్ లిస్టులో ఆ రోజు ఎన్ని కేసులు పిలిచారో ఉంటుంది. డాకెట్ షీటులో ఏం జరిగిందో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే వాయిదాల సంగతి తెలుస్తుంది. వాయిదా ఎవరి వల్ల పడిందో విడదీయాలి. అధికారి రాలేదా, అర్జీదారు గడువు అడిగాడా, సభ్యుడే కూర్చోలేదా? సభ్యుడు కూర్చోలేదు అన్న మాట రాయాలంటే కనీసం రెండు దాఖలాలు కలవాలి. లాగ్ బుక్‌లో కారు కదల్లేదంటే మనిషి ఆఫీసుకు రాలేదని కాదు. సొంత కారులో వచ్చి ఉండొచ్చు, వీడియో కాన్ఫరెన్స్‌లో విచారించి ఉండొచ్చు. జిల్లాల్లో క్యాంపు సిట్టింగులు పెట్టినప్పుడు మాత్రం టీఏ బిల్లు బాగా పనికొస్తుంది. మూడు రోజుల క్యాంపుకు భత్యం తీసుకుని, కాజ్ లిస్టు ఒక్క రోజుకే ఉంటే అడగాల్సిందే.

నేను తప్పు చేయబోయానని చెప్పాను కదా, అదీ ఇలాంటి లెక్క దగ్గరే. వేరే బోర్డు. ముగ్గురు సభ్యుల్లో ఒకరి ఉత్తర్వులు మిగతా ఇద్దరి ఉత్తర్వుల్లో సగం కూడా లేవు. కాజ్ లిస్టు చూస్తే రోజూ కూర్చున్నారు, విన్నారు. ఉత్తర్వులే లేవు. విచారణ పూర్తయ్యాక నెలల తరబడి ఉత్తర్వులు ఇవ్వలేదని, జీతానికి తగ్గ పని జరగలేదని హాఫ్ మార్జిన్, అంటే ఆఫీసు వివరణ అడిగే ఆడిట్ కాగితం, రాసేశాను. ఇంకా ఇవ్వలేదు, సాయంత్రం ఇద్దామని బల్ల మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం అక్కడి స్టెనోగ్రాఫర్ వచ్చారు. యాభై దాటిన మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంట్. ఏమీ మాట్లాడకుండా నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి ఇనుప బీరువా తెరిచారు. షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కులు, మూడు అరల నిండా. ప్రతి పుస్తకం మీద తేదీ. ఆ సభ్యుడు విన్న రోజే ఉత్తర్వు డిక్టేట్ చేసేవారు. టైపు చేయడానికి మనిషి లేరు. ముగ్గురు సభ్యులకు ముగ్గురు స్టెనోలు మంజూరైతే రెండు పోస్టులు ఏళ్లుగా ఖాళీ. ఉన్న ఒక్కరు ఛైర్మన్ పని ముందు చేయాలి, తర్వాత సీనియర్ సభ్యుడి పని, మిగిలిన సమయంలో ఈయన పని. అందరి కంటే జూనియర్ కాబట్టి ఆయన ఉత్తర్వులు బీరువాలో ఉండిపోయాయి.

ఆ హాఫ్ మార్జిన్ చించేసి కొత్తది రాశాను. ఈసారి అడిగింది బోర్డును కాదు, పోస్టులు నింపని శాఖను. నెలకు కొన్ని వేలు మిగిల్చామనుకుని స్టెనో పోస్టు ఖాళీగా ఉంచడం వల్ల ఒక సభ్యుడి జీతంలో సగానికి పైగా ఫలితం లేకుండా పోతోందని లెక్క కట్టి చూపించాం. పోస్టుల్లో ఒకటి భర్తీ అయింది. ఆ స్టెనో ఆ మధ్యాహ్నం రాకపోయి ఉంటే, ఒక నిజాయితీపరుడి మీద నా సంతకంతో ఒక అబద్ధం ప్రభుత్వ రికార్డులో శాశ్వతంగా ఉండిపోయేది. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసు స్థిమితంగా ఉండదు. మీ పట్టికలో మూడు రెట్ల ఖర్చు కనిపించిన ఆ సభ్యుడి వెనక కూడా అలాంటి బీరువా ఉందేమో ముందు చూడండి. ఎంతమంది సిబ్బంది మంజూరయ్యారు, ఎంతమంది ఉన్నారు, ఏ సభ్యుడికి ఎవరిని ఇచ్చారు, ఏ సభ్యుడికి ఏ శాఖల కేసులు పంచారు. రెవెన్యూ, భూముల కేసులన్నీ ఒకరికే పంచితే ఆయన సంఖ్య ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

సభ్యుడి బాధ్యత, ప్రభుత్వ బాధ్యత వేరుచేయకపోతే ఎంత పొరపాటు జరుగుతుందో తెలంగాణ సమాచార కమిషన్ సంగతి చూస్తే తెలుస్తుంది. 2023 ఫిబ్రవరి చివర్లో ఉన్న కమిషనర్ల పదవీకాలం ముగిసింది. తర్వాత 2025 మేలో కొత్త ప్రధాన కమిషనర్ వచ్చేదాకా, రెండేళ్లకు పైగా, అప్పీలు వినడానికి ఒక్క మనిషి లేరు. అప్పీళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. మొజంజాహీ మార్కెట్ దగ్గరున్న ఆ భవనంలోకి తపాలు వచ్చి పేరుకుపోయింది. ఇప్పుడు కొత్తగా చేరిన కమిషనర్ ముందు పెండింగు కొండలా ఉంటుంది. మొదటి ఏడాది చివర ఆయన పేరు పక్కన ఇన్ని వేల కేసులు పెండింగు అని రాస్తే అది లెక్కగా నిజమే, న్యాయంగా అబద్ధం. చేరిన రోజు ఉన్న నిల్వ ఒక కాలమ్, తర్వాత వచ్చినవి ఒక కాలమ్, తేల్చినవి ఒక కాలమ్ వేయండి. అప్పుడు ఆయన వచ్చిన తర్వాత నిల్వ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది తెలుస్తుంది. ఆయన్ను అడగాల్సింది దాని గురించే. రెండేళ్ల ఖాళీ గురించి అడగాల్సింది నియమించాల్సిన ప్రభుత్వాన్ని. ఖాళీలు ఏర్పడకముందే నియామక ప్రక్రియ మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో అంజలీ భరద్వాజ్ కేసులో స్పష్టంగానే చెప్పింది. ఆ తీర్పు తర్వాత కూడా ఇది జరిగింది.

జీతం వైపు కాగితాలు తక్కువే, త్వరగా అయిపోతాయి. నియామక జీవో, నెలవారీ పే బిల్లు, అలవెన్సుల వోచర్లు. సభ్యుడు రిటైరైన ఉద్యోగి అయితే పింఛను సంగతి తప్పకుండా చూడండి. 2005 సమాచార హక్కు చట్టం అసలు పాఠంలో, గత ప్రభుత్వ సర్వీసుకు పింఛను వస్తుంటే ఆ మేరకు జీతం తగ్గించాలని ఉండేది. మీ కమిషన్‌కు వర్తించే నిబంధన ఏమిటో నియామక జీవోలో, సర్వీసు నిబంధనల్లో చదివి, పే బిల్లులో ఆ తగ్గింపు జరిగిందో లేదో పోల్చండి. ఇంకో ఆఫీసు కమిటీలో కూర్చున్నందుకు సిట్టింగ్ ఫీజు తీసుకుంటున్నారా, ప్రభుత్వ కారు ఉండి ప్రయాణ భత్యం కూడా తీసుకున్నారా అన్నవి మామూలుగా దొరికే పొరపాట్లు. వీటిలో దొరికే మొత్తం చిన్నదే అయినా ఇది వాదనకు తావులేని లెక్క.

నాణ్యత గురించి ఒక్క మాట. ఉత్తర్వు సరైనదా కాదా అని తేల్చడం ఆడిట్ పని కాదు, దానికి హైకోర్టు ఉంది. కానీ చట్టం చేయమన్న పని చేశారా అని అడగొచ్చు. సమాచారం ఆలస్యమైతే రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 దాకా అధికారికి జరిమానా వేయాలని సమాచార హక్కు చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. మేమైతే డెస్పాచ్ నంబరు చివర 7 ఉన్న ఉత్తర్వులన్నీ బయటికి తీసేవాళ్లం, మన ఇష్టాయిష్టాలు అందులో రాకుండా. వాటిలో ఆలస్యం జరిగిందని ఉత్తర్వులోనే రాసిన కేసులు ఎన్ని, కనీసం షోకాజ్ నోటీసు ఇచ్చినవి ఎన్ని? ఈ రెండు సంఖ్యలు పక్కన పెడితే, ఆ సభ్యుడు ఎంత పని చేశారన్నదే కాక ఏ పని చేశారన్నది కూడా తెలుస్తుంది.

ఇక మీరు చేయగలిగింది. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) మనుషులకు 1971 చట్టం 18వ సెక్షన్ కింద ఏ రికార్డునైనా తెప్పించుకునే అధికారం ఉంది. మీకు అది లేదు, సమాచార హక్కు ఉంది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, పని నిర్వర్తించడానికి పెట్టుకున్న ప్రమాణాలు, ప్రతి అధికారి, ఉద్యోగి నెల జీతం ఎవరూ అడగకముందే ప్రచురించాలి. ముందు వెబ్‌సైట్‌లో చూడండి. లేకపోతే లేదన్న సంగతే మీకు దొరికిన మొదటి లోపం. తర్వాత దరఖాస్తు. ఇక్కడ చాలామంది చేసే తప్పు, సభ్యుడి వారీగా, నెలవారీగా లెక్క కట్టి ఇవ్వండి అని అడగడం. లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన బాధ్యత ఆఫీసుకు లేదని 2011లోనే సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. మీకు వచ్చిన పట్టిక లాంటిది ఇస్తే ఇస్తారు, లేకపోతే ఆ తీర్పు చూపించి పంపేస్తారు. కాబట్టి లెక్క అడక్కండి, కాగితం కాపీ అడగండి. ఫలానా నెల కాజ్ లిస్టుల కాపీలు, ఫలానా నెల డెస్పాచ్ రిజిస్టరు పేజీల కాపీలు, సభ్యుల మధ్య పని పంపకం ఉత్తర్వు కాపీ, మంజూరైన, పనిచేస్తున్న సిబ్బంది వివరాలున్న కాపీ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో రాష్ట్రస్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, ఏ4 కాపీ పేజీకి 2 రూపాయలు. పేజీలు ఎక్కువైతే రికార్డు తనిఖీకి అనుమతి అడగండి, వెళ్లి కూర్చుని నోట్సు రాసుకోవచ్చు. మొదటి గంటకు రుసుము ఉండదు. అర్జీదారుల పేర్లు, ఊళ్లు రాసుకోవద్దు. మీకు కావలసింది తేదీలు, నంబర్లు, ఫలితం.

మీరు అడుగుతున్నది సమాచార కమిషన్ గురించే అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ ఆఫీసు ఇవ్వకపోతే రెండో అప్పీలు వినాల్సింది కూడా ఆ కమిషనే. అక్కడా కాదంటే హైకోర్టులో రిట్ తప్ప దారి లేదు. అందుకే మొదటి దరఖాస్తు చిన్నదిగా, కాదనడానికి వీల్లేనిదిగా ఉండాలి.

కాగితాలు చేతికొచ్చాక రెండు చోట్లకు పంపండి. ఒకటి ఆడిట్ కార్యాలయానికి, తెలంగాణకైతే సైఫాబాద్‌లోని ప్రిన్సిపల్ అకౌంటెంట్ జనరల్ ఆఫీసు. బయటినుంచి వచ్చిన ఉత్తరాన్ని పట్టించుకోరని అనుకోకండి. తేదీలు, రిజిస్టరు పేజీ నంబర్లు ఉన్న ఉత్తరాన్ని తర్వాతి ఆడిట్‌కు వెళ్లే బృందం చేతికి ఇస్తారు, నేనే అలాంటివి చాలా పట్టుకెళ్లాను. రెండోది ప్రజా పద్దుల కమిటీకి. సభ్యుడి పేరు, ఆయన సోమరి అన్న మాట ఎక్కడా రాయొద్దు. ఫలానా నెలలో వెళ్లిన ఉత్తర్వులు ఇన్ని, వాటిలో విచారించి తేల్చినవి ఇన్ని, వెనక్కి పంపినవి ఇన్ని, ఆ వెనక్కి పంపినవి కమిషన్‌లో సగటున ఇన్ని రోజులు ఉన్నాయి. అంతవరకే.

మొదటి దరఖాస్తులో మార్చి నెల డెస్పాచ్ రిజిస్టరు, పని పంపకం ఉత్తర్వు, ఈ రెండే అడగండి. కాపీలు రాగానే మీ పట్టికలో మార్చి సంఖ్య పక్కన రిజిస్టరు సంఖ్య వేసి ఇక్కడ పెట్టండి. ఆ తేడాను బట్టి తర్వాత ఏ రిజిస్టరు అడగాలో చెప్తాను.